బండిలో నిద్రపోతున్న గాయని

మా ఆటలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ ఒంటరిగా మెట్టెక్కకూడదు.

బయట ఈ ఆట ఆడేవాళ్ళు దాన్ని లెవెల్ అంటారట. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళం తలా ఒక పాత్ర పట్టుకుని ఆ కథలోకి దిగుతాం. రాక్షసుల్ని కొడతాం, గుహలు దాటతాం, అవతలివాడితో బేరాలాడతాం. ఏం చేయబోయినా ముందు పాచిక విసరాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు, చిన్నది పడితే మన ఖర్మ. అలా పాయింట్లు పోగేసుకుంటే మన పాత్ర ఒక మెట్టు పైకెళ్తుంది. కొత్త బలమొస్తుంది, కొత్త విద్యలొస్తాయి. కాకపోతే అందరం బల్ల దగ్గర ఉన్నప్పుడే ఎక్కాలి. ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా ఎవరికీ మెట్టు లేదు. రానివాళ్ళ పాత్ర గాడిద బండిలో నిద్రపోతూ ఉంటుంది, మిగతావాళ్ళు ఆ బండిని వెంటేసుకుని తిరగాలి.

ఈ కట్టుబాటు పెట్టించింది మా అక్కే. బల్ల గుద్ది మరీ అందర్నీ ఒప్పించింది. ఇప్పుడు బండిలో నిద్రపోతున్నది కూడా అక్క పాత్రే. నెలల తరబడి నిద్రపోతూనే ఉంది.

కథ నడిపేది మా మావయ్య. అమ్మకి ఆఖరి తమ్ముడు, మాకంటే పెద్దగా పెద్దవాడేం కాదు. ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు ఆయనది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించేసి, వెనక గదిలో అద్దాలు కోసే బల్ల మీద పాత దుప్పటి పరుస్తాడు. మా పాత్రలకి బొమ్మలు కూడా ఆయనే చేశాడు, మిగిలిపోయిన ఫ్రేము ముక్కలతో. నాది నల్ల చెక్క ముక్క, పేరు బండ, చేతిలో గొడ్డలి. పొద్దస్తమానం ల్యాబులో కూర్చుని ఎవరి చిగుళ్ళకో సరిపడా పళ్ళ సెట్టు అరగదీస్తూ, వెంట్రుకవాసి తేడా వచ్చినా డాక్టరు చేత మాటలు పడతాను నేను. అలాంటిదానికి వారానికోసారి గొడ్డలి పట్టుకుని అడ్డొచ్చినవాణ్ణల్లా నరికితే ఎంత హాయిగా ఉంటుందో చెప్తే అర్థం కాదు, అనుభవించాలి. మా సందు మలుపులో మందుల షాపు నడిపే ఆయనది దొంగ పాత్ర. బయట ఎదుటి మనిషి గొడుగు మర్చిపోతే వానలో తడుస్తూ వెనకాల పరిగెత్తి ఇచ్చొచ్చే రకం. ఆటలో ఎవడి జేబు కొట్టినా ముందు మావయ్యని అడుగుతాడు, "పాపం, వాడికి పిల్లలున్నారా?" అని.

ఇక అక్కది గాయని. బంగారు రంగు పూసిన ఫ్రేము ముక్క.

నిజానికి అక్కకి పాట రాదు. రాకపోవడమంటే అలా ఇలా రాకపోవడం కాదు. మొదటి ఆదివారం తన పాత్ర తరఫున గొంతెత్తి పాడబోతే, మందుల షాపాయన కప్పు కింద పెట్టేసి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. మావయ్య రెండు చేతులూ జోడించి, "పెద్దదానా, నీకు పుణ్యముంటుంది, పాడుతున్నానని చెప్పి పాచిక విసురు చాలు" అన్నాడు. అప్పట్నించీ అక్క పాడలేదు. "గాయని పాడుతుంది" అని పాచిక విసిరేది, అంతే. మంచి అంకె పడితే మావయ్య అందుకునేవాడు. ఆ పాటకి కాపలావాళ్ళ చేతుల్లో ఈటెలు వాలిపోయాయనో, పులి వచ్చి కాళ్ళ దగ్గర పడుకుందనో చెప్పేవాడు. "గాయని పాడుతుంది" అన్న ఆ రెండు మాటలూ అంటున్నప్పుడు అక్క మొహం చూడాలి. నిజంగానే పాడేసినంత గొప్పగా వెనక్కి వాలి కూర్చునేది.

అక్క డ్రైవింగు స్కూల్లో కారు నేర్పేది. నోరు పెట్టుకు బతికిన మనిషి. "బ్రేకు! బ్రేకు తొక్కవయ్యా మహానుభావా, అది క్లచ్చు!" అని అరిస్తే పక్క వీధిలో బండ్లు కూడా ఆగేవి. అలాంటి మనిషికి గొంతులో పుండు పుట్టింది. ముదిరిపోయిందన్నారు, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా పల్చటి గుడ్డ. పెదాలు కదుపుతుంది గానీ గాలి తప్ప ఏమీ రాదు. ఏం చెప్పాలన్నా ఫోనులో రాసి చూపిస్తుంది. గొంతు దగ్గర ఆనించి మాట్లాడే యంత్రం ఒకటిచ్చారు ఆసుపత్రిలో. ఒక్కసారి వాడి, బీరువాలో చీరల కింద పెట్టేసింది.

అక్క ఆసుపత్రిలో ఉండగానే మావయ్య ఒక ఆలోచన చేశాడు. తిరిగొచ్చాక తను ఆటలో ఇబ్బంది పడకూడదు కదా అని, కథలో ఒక బురదనేల పెట్టాడు. ఆ నేల మీద మంత్రగత్తె పొగమంచు వదులుతుంది, ఆ మంచు గాయని గొంతు లాగేసుకుంటుంది. "ఇంక అది మాట్లాడకపోయినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, పాత్ర కూడా మాట్లాడదు కదా" అన్నాడు. అబ్బ, ఎంత బాగా ఆలోచించాడో అనుకున్నాం. మందుల షాపాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

అక్క ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక ఒక ఆదివారం బల్ల దగ్గరికొచ్చింది. మావయ్య పొగమంచు కథ చెప్పాడు, ఎంతో ప్రేమగా చెప్పాడు. అక్క విని నవ్వింది. చేతిలో ఉన్న పాచికని దుప్పటి మీద పెట్టింది. టీ తాగింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

నీరసం అనుకున్నాం. అక్క లేకపోయినా కథ ఆపలేదు. ఉత్తర కొండల్లో ఒక ఊట ఉందని, దాని నీళ్ళు తాగితే పోయిన గొంతు తిరిగొస్తుందని మావయ్య చెప్పాడు. సరే, గాయనిని బండిలో వేసుకుని ఆ ఊటకి బయల్దేరాం. అక్కకి చెప్పొద్దు, నీళ్ళు సంపాదించాకే చెప్దాం, సంబరపడుతుంది అనుకున్నాం.

ఇక్కడే వచ్చింది చిక్కు. మెట్లెక్కకుండా ఎంత దూరమని పోతాం? ఒక ఆదివారం రాతి తోడేళ్ళు మీద పడ్డాయి. బండకి ప్రాణం కొసకొచ్చింది. మావయ్య పెన్సిలు చెవి వెనక దోపుకుని నిట్టూర్చాడు.

"కథ పెద్దదైపోయింది, మీరేమో ఉన్నచోటే ఉండిపోయారు. ఇలా అయితే ఊట దగ్గర కాపలా ఉన్నదాన్ని మీరు కొట్టలేరు. తేల్చుకోండి. మెట్టెక్కుతారా, ఇక్కడితో చస్తారా?"

"ఎక్కేద్దామా అమ్మా?" అన్నాడు మందుల షాపాయన నావైపు భయంభయంగా చూస్తూ. "పాయింట్లు గంపెడున్నాయి."

"అక్క లేకుండానా?"

"కట్టుబాటు మార్చలేం కదే చిన్నదానా" అన్నాడు మావయ్య. "ముగ్గురూ లేకుండా ఎక్కాలంటే జట్టులో ఇద్దరే ఉండాలి. గాయనిని ఏదో ఒక సత్రంలో దింపేద్దాం. కథలోంచి మర్యాదగా పంపించేస్తాను. బాధపెట్టకుండా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సత్రంలో దింపేస్తావా? సామానా అది? నువ్వు మేనమామవేనా అసలు?"

"అరవకే. నాకు మాత్రం సరదానా? అది రానంటోంది. ఎన్నాళ్ళని లాగుతాం ఆ బండిని?"

"నేను లాగుతాను. నీ గాడిద చచ్చినా సరే, నేనే మెడకి తాడేసుకుని లాగుతాను."

ఆఖరికి ఒక మాట మీదకొచ్చాం. వచ్చే ఆదివారం ఊట దగ్గర పోరాటం. అది అయ్యేలోపు అక్క వస్తే సరే, రాకపోతే గాయని సత్రంలో దిగిపోతుంది.

నేనూ అక్కా ఒకే ఇంట్లో ఉంటాం. అయినా నాకు అక్క మీద బెంగ. పక్క గదిలో ఉన్న మనిషి మీద బెంగేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు. ఇదివరకు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చావే అని వంటింట్లోంచి కేకేసేది. ఇప్పుడు నిశ్శబ్దంగా వచ్చి భుజం తడుతుంది, నేను ఉలిక్కిపడతాను. తను అది చూసి మొహం చిన్నబుచ్చుకుంటుంది. తన కుర్చీ ఉంది, తన చెప్పులున్నాయి, తనూ ఉంది. కానీ నాకు ఊరెళ్ళిన మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. ల్యాబులో పళ్ళ అచ్చులో ప్లాస్టరు పోస్తూ ఉంటాను, అవతల ఎవరో ఆడమనిషి ఫోనులో గట్టిగా పోట్లాడుతుంటుంది, నా చేతులు వాటంతటవే ఆగిపోతాయి. డాక్టరు నన్ను అదోలా చూస్తాడు.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం, అక్క బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"ఈ ఆదివారం రా అక్కా."

తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు రావు? ఏం తక్కువ చేశాం నీకు?"

ఫోను తీసి రాసింది. "మీరు ఆడుకోండి. నాకు ఆదివారాలు నిద్రొస్తుంది."

"అబద్ధాలాడకు. ఆదివారం మధ్యాహ్నమంతా ఆ కిటికీ దగ్గర కూర్చుంటున్నావని కింది వాటావాళ్ళు చెప్పారు. నువ్వు రాకపోతే గాయనిని సత్రంలో దింపేస్తారట. తెలుసా నీకు?"

అక్క చేతులాగిపోయాయి. తర్వాత రాసింది. "దింపేయనీ. ఎలాగూ మూగది కదా."

"అందుకే కదా మేం..." అనబోయి నాలిక్కరుచుకున్నాను. నీళ్ళ సంగతి చెప్పకూడదు కదా. "నీకు పంతం ఎక్కువైపోయింది. చిన్నప్పట్నించీ అంతే నువ్వు. పిలిపించుకోవాలి, బతిమాలించుకోవాలి!"

అక్క ఫోను బోర్లా పెట్టేసింది. మాట్లాడనంటే ఇప్పుడు అక్క చేసేది అదే. నేను మాత్రం ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఎదుటి మనిషి తిరిగి అరవకపోతే పోట్లాటలో ఏముంటుంది? నా గొంతు నాకే వినబడి సిగ్గేసింది. లేచి వెళ్ళి పిచ్చిదానిలా గిన్నెలన్నీ తోమేశాను, శుభ్రంగా ఉన్నవి కూడా.

ఆదివారం వచ్చింది. అక్క రాలేదు.

ఊట దగ్గర కాపలా ఉన్నది రెండు తలల పాము. మందుల షాపాయన ప్రాణాలకి తెగించాడు. దొంగ పాము వెనక నుంచి పాక్కుంటూ పోయాడు, పాచిక పడింది, చురకత్తి దిగింది. ఆ తర్వాత తోక దెబ్బకి ఎగిరి అవతల పడ్డాడు. ఇక నేను. అరచేతిలో పాచిక చెమటకి జారిపోతోంది. విసిరాను. ఇరవై! ఇరవై ముఖాల పాచికలో అంతకంటే పెద్ద అంకె లేదు. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి గంతేశాను. మావయ్య కూడా కథ నడిపేవాణ్ణని మర్చిపోయి చప్పట్లు కొట్టాడు.

"తోలు సంచి నిండా నీళ్ళు!" అన్నాడు. "ఇంక తాగించడమే."

ముగ్గురం ఖాళీ కుర్చీ వైపు చూశాం.

"మనమే పోదాం" అన్నాను నేను. "తాగాల్సినదాని దగ్గరికే తీసుకెళ్దాం."

మావయ్య షట్టరు పూర్తిగా దించేశాడు. దుప్పటి, పాచికలు, బొమ్మలు సంచిలో వేసుకుని ఎండలో మా ఇంటికి నడిచాం. మందుల షాపాయన బంగారు ముక్కని చొక్కా జేబులో పెట్టుకుని, పడిపోతుందేమోనని పైనుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు.

అక్క కిటికీ దగ్గరే ఉంది. మమ్మల్ని చూసి గబుక్కున లేచి మెడ మీద గుడ్డ సర్దుకుంది. నేను ఆగలేకపోయాను.

"అక్కా, తెచ్చేశాం! ఊట నీళ్ళు! ఇన్నాళ్ళూ మేం చేస్తున్నది అదే. మంత్రగత్తె లాగేసుకున్నది తిరిగొచ్చేసింది. గాయనికి గొంతొచ్చేసిందే!"

సంబరపడుతుందనుకున్నాను. అక్క మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. మావయ్య బల్ల మీద దుప్పటి పరిచి, బంగారు ముక్కని మధ్యలో పెట్టి, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు సర్దుతున్నాడు. అక్క ఫోను తీసుకుంది. చాలాసేపు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. అక్క రాసింది పైకి చదివేది నేనే కాబట్టి నా చేతికిచ్చింది.

నేను చదివాను. "గొంతు పోయింది నాకు. దానికెందుకు పోగొట్టారు?"

అక్క ఫోను లాక్కుని ఇంకా రాసింది. మళ్ళీ చదివాను.

"ఆసుపత్రిలో రోజూ అనుకునేదాన్ని, ఇంటికెళ్ళాక ఆ బల్ల దగ్గర కూర్చుంటే నేను మళ్ళీ పాడొచ్చు అని. నేనెప్పుడైనా గొంతుతో పాడానా మీ దగ్గర? పాచికతో కదా పాడాను. పాచిక విసరడానికి గొంతెందుకు? ఒక్క అక్కడే నాకింకా గొంతుందనుకున్నాను. వచ్చేసరికి అది కూడా తీసేసి పెట్టారు."

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతోనూ నెత్తి కొట్టుకున్నాడు. "నా బుర్ర తగలెయ్య. నీకు కష్టం లేకుండా చేద్దామనుకున్నానే పెద్దదానా. దేవుడి సాక్షిగా అంతే అనుకున్నాను."

అక్క తల ఊపింది, తెలుసన్నట్టు. తెలుసు కాబట్టే కదా ఇన్నాళ్ళూ ఒక్క మాట కూడా రాయలేదు. ప్రేమగా చేసినదాన్ని ఎవరితో చెప్పుకుంటుంది? నాకు దాని మెడ పట్టుకుని ఏడవాలనిపించింది. ఈ మాట ముందే చెప్పి ఏడిస్తే ఏం పోయేదే అని రెండు తగిలించాలనీ అనిపించింది.

"నీళ్ళు తాగించేస్తే సరిపోతుందిగా?" అన్నాడు మందుల షాపాయన నెమ్మదిగా. "గొంతొచ్చేస్తుంది."

అక్క ఒక్క మాట రాసింది. "వద్దు." తర్వాత ఇంకొంచెం. "పోయి వచ్చింది నాకొద్దు. అసలు పోలేదు."

మావయ్య ముక్కు తుడుచుకుని పైకి చూశాడు. ఆయనకి పని దొరికినట్టయింది. "అంటే మంచు గొంతుని ముట్టుకోనట్టే. అలా అయితే కథని మళ్ళీ బురదనేల దగ్గరికి తీసుకెళ్ళాలి. కానీ వినండి, మంచు గొంతు లాక్కోకపోతే మీరసలు ఊట కోసం బయల్దేరనే లేదు. ఈ కొండలు లేవు, తోడేళ్ళు లేవు, పాము లేదు. గెలుచుకున్నవన్నీ పోతాయి, పాయింట్లతో సహా. మెట్టు మళ్ళీ ఎక్కడో ఉంటుంది."

నా ఇరవై కూడా పోతుందన్నమాట. నా జన్మలో పడిన ఒకే ఒక్క ఇరవై. "పోతే పోయింది" అన్నాను.

"దారిలో నేను కొట్టేసిన వెండి తాళాలు?" అన్నాడు మందుల షాపాయన.

"అవీ పోతాయి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "పోనీండి. ఎలాగూ దొంగసొత్తే కదా."

మావయ్య మా కాగితాల మీద అంకెలన్నీ రబ్బరుతో చెరిపేశాడు. బొమ్మల్ని దుప్పటి మీద ఒక మూలకి జరిపాడు. బంగారు ముక్కని వాటి ముందు నిలబెట్టాడు, ఇంక బండిలో నిద్ర లేదన్నట్టు. గొంతు సవరించుకున్నాడు.

"బురదనేల. ముందు ఏమీ కనపడటం లేదు. ఎదురుగా పొగమంచు గోడలా కదిలొస్తోంది. లోపల ఎవరో నవ్వుతున్నారు. గాడిద బెదిరిపోయి తాడు తెంపుకుంటోంది." అక్క వైపు తిరిగాడు. "గాయని ఏం చేస్తుంది?"

అక్క ఫోను ముట్టుకోలేదు. పాచిక తీసుకుంది. గుప్పిట్లో ఆడించి, వెనక్కి వాలి, విసిరింది. అది దొర్లుకుంటూ పోయి బల్ల అంచున ఆగింది.

రెండు.

మావయ్య మొహం మాడిపోయింది. చూసుకోనట్టు నటిస్తూ చిటికెనవేలితో పాచికని తిప్పబోయాడు. "ఏదీ, పదహారులా ఉందే ఇది..."

అక్క ఆయన చేతి మీద చెళ్ళున ఒకటిచ్చింది. రెండు వేళ్ళు ఆయన ముక్కు ముందు పెట్టింది. రెండంటే రెండే.

"సరే తల్లీ, రెండే" అన్నాడు మావయ్య చెయ్యి రుద్దుకుంటూ. "గాయని నోరు తెరిచింది. అలాంటి అపస్వరం ఆ బురదనేల పుట్టినప్పట్నించీ వినలేదు. మంచు మాట దేవుడెరుగు, గాడిద తాడు తెంపేసుకుని, బండితో సహా పారిపోయింది. మీ తిండి, దుప్పట్లు, సమస్తం దాంట్లోనే ఉన్నాయి."

మందుల షాపాయన ముందుగా ఫక్కున నవ్వాడు. తర్వాత నేను. అక్క భుజాలు ఊగిపోతున్నాయి, మెడ మీద గుడ్డ ఎగిరెగిరి పడుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ నవ్వుకి చప్పుడు లేదు. ఫోను లాక్కుని రెండు బొటనవేళ్ళతో టకటకా రాసి నా చేతికి విసిరింది. నేను చదివాను.

"తాడు కట్టిన దద్దమ్మ ఎవరు? ఒక్క ముడి సరిగ్గా వెయ్యడం రాదు గానీ దొంగతనాలకి బయల్దేరాడు. మావయ్యా, నీ కథలో గాడిదకి కూడా నా పాటంటే పడదా?"

"గట్టిగా చదవవే" అన్నాడు మావయ్య. "మీ అక్క అంత మెత్తగా ఎప్పుడు తిట్టింది?"

గొంతెత్తి చదివాను. కింది వాటావాళ్ళకి వినపడేలా చదివాను. తిట్లు అక్కవే. గొంతు మాత్రం నాది, నా పీల గొంతు. అక్క గొంతు ఇక రాదు. బతికున్నన్నాళ్ళూ దాని కోసం నాకు ఈ బెంగ ఉంటుంది, పక్కనే కూర్చుని ఉన్నా ఉంటుంది. అది తెలిసి, చదువుతూ చదువుతూ ఏడ్చేశాను.

అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. రాసి, నా మొహానికి ఎదురుగా పెట్టింది.

"ఏడుపు తర్వాత. మంచు వచ్చేస్తోంది, ముందు గొడ్డలి తియ్యి."